నంబర్ లేదంటే

తొంభైలలో మా బాన్సువాడలో పదో తరగతి ఫలితాలంటే నిజామాబాద్ నుంచి వచ్చే మొదటి బస్సే. పేపర్ల కట్ట ఆ బస్సులోనే దిగేది. కట్ట విప్పకముందే నలుగురైదుగురు దాని మీద పడేవాళ్లు. పాసైన వాళ్ల నంబర్లు మాత్రమే చీమల బారులా అచ్చయి ఉండేవి. ఫెయిలైన వాళ్లకు అందులో చోటు ఉండేది కాదు. మా అన్న పరీక్ష రాసిన ఏడాది, నాన్న ఆ పేజీ మీద మూడుసార్లు వేలు పెట్టి వెతికి, పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. వాకిట్లో నిలబడ్డ అమ్మతో "లేదు" అన్నాడు. ఆ రోజు అమ్మ పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది, మేమూ కిక్కురుమనకుండా తిన్నాం.

తర్వాత నాకు ఆ ఊళ్లోనే పెళ్లయింది. మా ఆయనకు బస్టాండుకు కాస్త దూరంలో జిరాక్స్ దుకాణం ఉండేది. నేను నిజామాబాద్‌లో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి ఉన్నాను కాబట్టి, రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు ఆ దుకాణంలోనే ఒక మూల కంప్యూటర్ పెట్టి, ఫోన్ లైను కలిపి, ఇంటర్నెట్ అని బోర్డు రాయించాం. ఏడాదిలో మూడొందల అరవై రోజులు ఆ మూలకు వచ్చేవాళ్లు తక్కువ. ఫలితాల రోజు మాత్రం మెట్ల మీద కూడా నిలబడడానికి చోటు ఉండేది కాదు.

నాకు కోపం తొందరగా వస్తుంది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గానీ, చెప్పకపోతే ఆ రోజు జరిగింది అర్థం కాదు.

ఫలితాల పేజీ తెరుచుకోవడమే పెద్ద గండం. రాష్ట్రమంతా ఒకేసారి దాని మీద పడుతుంది. పేజీ సగం వచ్చి ఆగిపోతుంది, తెల్లగా మారుతుంది, ఈ పేజీ కనబడదు అంటుంది. మళ్లీ నొక్కాలి. లైను తెగితే మళ్లీ కలపాలి. ఆ గుర్రుగుర్రు చప్పుడు అయ్యేదాకా వెనకాల ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబట్టుకునేవాళ్లు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. నంబర్ కొట్టే పేజీ ఒక్కసారి తెరుచుకుందా, ఇక దాన్ని వదలను. ఒకరి మార్కులు చూడగానే వెనక్కి నొక్కి, అదే పేజీలో రెండో వాళ్ల నంబర్ కొడతాను. మొదటి పేజీకి మళ్లీ పోయే సమస్యే లేదు. ఆ తెలివికి నన్ను చూసి నాకే ముచ్చటేసేది.

ఒక ఏడాది ఫలితాల రోజు ఉదయం నుంచి అలా కొడుతూనే ఉన్నాను. హాల్ టికెట్లన్నీ వచ్చిన వరసలో స్టేప్లర్ కింద పెట్టించాను. మధ్యలో ఎవరైనా ముందుకు దూరితే గయ్యిమనేదాన్ని. ఎండాకాలం, ఫ్యాన్ గాలి జనం దాటి నా దాకా వచ్చేది కాదు.

అప్పుడు ఆమె వంతు వచ్చింది. బిచ్కుంద దారిలోని ఒక తండాలో అంగన్‌వాడీ ఆయా. రిజిస్టర్ కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి నెలకోసారి మా దుకాణానికి వచ్చేది కాబట్టి ఆమె సంగతి నాకు బాగా తెలుసు. ముప్పై అయిదు దాటిన మనిషి. పిల్లలకు వండిపెట్టడం, ఊడవడం, ఇంటింటికీ పోయి పిల్లల్ని ఎత్తుకు రావడం ఆమె పని. వాళ్ల తండాలో టీచర్ పోస్టు ఖాళీ అయింది. పది పాసై ఉంటే ఆయాకే ఇస్తారు. ఆ వారంలోపు కాయితం ఆఫీసులో పెట్టకపోతే పక్క ఊరి అమ్మాయిని వేస్తారు. ఆ అమ్మాయికి తండా భాష రాదు. "పోరగాండ్లు నీళ్లడిగినా ఆమెకు తెల్వది చెల్లె" అని ఆమె నాతో అంతకు ముందు వారమే అంది. మూడేళ్లుగా ప్రైవేటుగా ఫీజు కట్టి పరీక్ష రాస్తోంది. మూడేళ్లూ లెక్కలే ముంచాయి. ఇది నాలుగోసారి.

నంబర్ కొట్టాను. ఆ నంబరు లేదని వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. వెనక నుంచి ఎవరో "జల్ది కానీయక్కా" అని అరిచారు.

"నీ నంబర్ లేదక్కా," అన్నాను.

ఆమె కాసేపు తెర వైపు చూసింది. తర్వాత చిన్నగా నవ్వింది. "లేదా? మంచిది చెల్లె" అని, కొంగు సర్దుకుని, జనాన్ని తప్పించుకుంటూ మెట్లు దిగింది. హాల్ టికెట్ అడగనే లేదు. అది బల్ల మీదే ఉండిపోయింది. నేను తర్వాతి నంబర్ అందుకున్నాను.

పావుగంటకు ఒక ట్రాక్టర్ డ్రైవర్ వంతు వచ్చింది. కోటగిరి వైపు మనిషి. మిలిటరీలో డ్రైవర్‌గా చేరాలని అతనూ ప్రైవేటుగానే రాశాడు. అతని నంబరూ లేదంది. చెప్పాను. అతను ఆమెలా నవ్వలేదు.

"లేదంటే ఏందక్కా?"

"లేదంటే లేదు. ఫెయిల్ అయినట్టే."

"గిప్పుడే నా ముంగట ఇద్దరు ఫెయిలైండ్రు. ఆళ్లకు మార్కులు సుత చూపెట్టింది గద నీ కంప్యూటర్. నేను ఫెయిలైతే ఫెయిలని రావాలె. మూడు గంటలు కూసోని రాసిన, నంబరే లేదంటె నేను పరీక్ష రాయనే లేదన్నట్టా?"

నాకు కోపం ముంచుకొచ్చింది. అతనిని ఒక మాట అనబోయి ఆగిపోయాను. అతను చెప్పింది నిజం. పొద్దుటి నుంచి ఎంతమంది ఫెయిల్ మార్కులు నా చేతులతోనే తెరిచి చూపించాను! ఇది పేపరు కాదు. ఇక్కడ ఫెయిలైన వాళ్లకూ చోటుంది. మరి నంబరే లేకపోవడం ఏమిటి? కంప్యూటర్ ముందు కూర్చున్న నేను, బస్సు దగ్గర పేపరు కోసం కొట్లాడిన రోజుల్లోనే ఉండిపోయాను.

నంబర్ సరిచూశాను, సరిగానే ఉంది. ఇక మిగిలింది ఒకటే. ప్రాణం ఉసూరుమంటున్నా, అంతసేపు కాపాడుకున్న పేజీని వదిలేసి మొదటి పేజీకి వెళ్లాను. వెనకాల ఉన్నవాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. అది తెరుచుకోవడానికి పది నిమిషాలు పట్టింది. కిందకి జరిపితే, బాగా అడుగున, ప్రైవేటుగా రాసిన వాళ్ల ఫలితాలకు వేరే లింకు ఉంది. అక్కడి దాకా నేను ఒక్కసారీ జరపలేదు.

డ్రైవర్ నంబర్ కొట్టాను. వచ్చింది. లెక్కల్లో ఫెయిల్.

"గిదీ! ఉన్న గద నేను!" అని అతను బల్ల మీద చరిచాడు. ఫెయిలై అంత సంతోషపడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నా చెయ్యి అప్పటికే ఆ తండా అక్క హాల్ టికెట్ మీదికి పోయింది. అంకె అంకె చూసుకుంటూ నంబర్ కొట్టాను. పేజీ పైనుంచి మెల్లగా దిగింది. పేరు, తండ్రి పేరు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు. లెక్కలు ముప్పై ఎనిమిది. అడుగున పాస్.

ప్రింట్ తీసి, మా ఆయనను కంప్యూటర్ ముందు కూలేసి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బస్టాండుకు ఉరికాను. ఆమె ఏ మూలనో కూర్చుని ఏడుస్తూ ఉంటుందని అనుకున్నాను. ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో దారంతా కూడబలుక్కున్నాను. బిచ్కుంద బస్సులో లేదు. ఆటోల దగ్గర లేదు. ఒక ఆటో అతను "గా పుస్తకాల దుకాణం దిక్కు పోయింది" అని చెయ్యి చూపించాడు.

ఆమె ఏడవడం లేదు. దుకాణం ముందు నిలబడి, పదో తరగతి లెక్కల గైడు చేతిలో పట్టుకుని సేటుతో బేరమాడుతోంది. మళ్లీ పరీక్ష ఫీజు కడుతుందన్నమాట. పోస్టు పోయింది అనుకుని కూడా, ఐదో ఏటికి పుస్తకం కొంటోంది. ఏడుపు వచ్చింది నాకే.

"అక్కా, నువ్వు పాసైనవ్," అన్నాను. కూడబలుక్కున్నవేవీ నోటికి రాలేదు. "తప్పు నాదే. వేరే పేజీల చూడాల్సి ఉండె. నేను చూడలే."

ఆమె నా మొహం చూసింది, కాగితం చూసింది.

"మల్లొకపారి అడగకపోతివి అక్కా?" అన్నాను, తప్పు నాదై ఉండీ కోపంగానే.

"నువ్వు లేదంటివి చెల్లె. సదువుకున్నదానివి. ఇగ నేనేం అడుగుత?"

ఆ మాట ఆమె నిష్ఠూరంగా అనలేదు. నన్ను నమ్మింది, అంతే. ఎంతమంది తిట్టినా దిగని నా తల అప్పుడు దిగింది. ఆ తర్వాత మా దుకాణం నడిపినన్నాళ్లూ, నంబర్ దొరకని మనిషిని మెట్లు దిగనివ్వలేదు. పోస్టు సంగతి కూడా చెప్పేస్తాను. రెండు రోజుల్లో కాయితం ఆఫీసులో పెట్టింది, ఆమెకే వచ్చింది.

"లెక్కలల్ల ఎన్నొచ్చినయి?" అని పుస్తకాల దుకాణం ముందు ఆమె అడిగింది.

"ముప్పై ఎనిమిది."

పాస్ అని ఉన్నచోట తనే వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడుకుంటూ చదివింది. రెండోసారి చదువుతుంటే ఆమె కళ్లలోంచి నీళ్లు కారాయి. ఫెయిలని విన్నప్పుడు నవ్విన మనిషి, ఇప్పుడు బజారులో అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. సేటు లోపలి నుంచి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, చేతిలో ఉన్న గైడును ఆయన ముందు పెట్టింది.

"ఇగో సేటు, నీ పుస్తకం నువ్వే పెట్టుకో. ఇగ నీ దుకాణంల అడుగు పెట్ట."

నాలుగేళ్లుగా ఆమెకు అదే గైడు అమ్ముతున్న సేటు, దాన్ని తీసుకుని అరలో పెట్టాడు.

"పెట్టకు తల్లీ," అన్నాడు. "నీకు దండం పెడత, మల్ల రాకు."