లాకు తలుపు దగ్గర జరిగిన సెషన్

1963లో నేను నెల్లూరులో నీటిపారుదల శాఖలో జూనియర్ ఇంజనీరుని. ఆ ఏడు మా ఇంజనీర్లంతా కలిసి రెండు రోజుల కాన్ఫరెన్సు తలపెట్టారు. టెక్నికల్ ప్రోగ్రాం, అంటే ఏ పేపరు ఎవరు ఎప్పుడు ఎన్ని నిమిషాలు చదవాలో తేల్చే పని, నా నెత్తిన పడింది. నెత్తిన పడిందని అందరి ముందూ అన్నానే గానీ లోలోపల తెగ మురిసిపోయాను. ఇరవై ఆరేళ్లకే పెద్ద పెద్ద ఆఫీసర్లకు "మీకు పదిహేను నిమిషాలే" అని చెప్పగలగడం మామూలు సంగతా?

వచ్చిన పేపర్లు ఎక్కువ, ఉన్న సమయం తక్కువ. మొట్టమొదట నేను తీసి పక్కన పెట్టింది మస్తాన్ గారి పేపరు. ఆయన సముద్రపు ఆటుపోట్లు తగిలే బకింగ్‌హామ్ కాలువ మీద లాకుల సూపర్‌వైజరు. లాకు అంటే కాలువకు అడ్డంగా రెండు జతల తలుపులు. పడవను వాటి మధ్య ఆపి, నీటిమట్టం సరిచేసి అవతలికి వదులుతారు. ఆ తలుపుల అడుగుచెక్క మార్చడం గురించి ఆయన నోటుబుక్కు కాయితాల మీద తెలుగులో రాసి పంపారు. మిగతావన్నీ ఇంగ్లీషులో టైపు కొట్టినవి. నేను మొదటి పేజీ కూడా పూర్తిగా చదవలేదు. 'సమయాభావం వల్ల' అని చీటీ పెట్టి తిప్పి పంపేశాను.

ఆయన ఆఫీసుకొచ్చారు.

"వచ్చే నెల రిటైరైపోతా ఉండాను సార్. ఈ పని తెలిసినోళ్లు ఇంకెవురూ లేరు. నాతోనే పోతాదని రాసినా. అయిదు నిమిషాలు ఇప్పించండి, చాలు."

"ప్రోగ్రాం ప్రెస్సుకు వెళ్లిపోయింది మస్తాన్ గారూ" అన్నాను. నిజానికి అది నా సొరుగులోనే ఉంది.

మొదటి రోజు భోజనాలయ్యాక అందరినీ మూడు పడవల్లో లాకు చూడటానికి తీసుకెళ్లాలని రాసుకున్నాను. పడవలు మాట్లాడటానికి వెళ్తే పోలయ్య అనే పడవాయన వేళ్లు మడిచి లెక్కేశాడు. "ఆ రోజు పున్నమి సార్. మధ్యానానికి నీళ్లు లాగేస్తాయి. పొద్దున్నే పోయొచ్చేయాల" అన్నాడు. పొద్దున ప్రారంభోపన్యాసాలాయె. వాటిని కదిలించడం నా తరమా? "చూద్దాంలే" అన్నాను.

చూశాం. లాకు ఇంకా వంద గజాలుందనగా మూడు పడవలూ ఒకదాని వెనక ఒకటి బురదలో కూర్చున్నాయి. పోలయ్య గెడ పక్కన పెట్టి, "సాయంత్రం పోటు వచ్చేదాకా ఇంతే సార్. చెప్పినా గదా" అంటూ తీరిగ్గా చుట్ట ముట్టించాడు. మా సూపరింటెండింగ్ ఇంజనీరు గారు సమయం మించితే గంట కొట్టి మరీ కూర్చోబెట్టే మనిషి. ఆయన నన్నొక చూపు చూసి, బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్లదాకా మడిచి బురదలోకి దిగారు. ఆయన దిగాక మిగతావాళ్లు ఆగుతారా?

లాకు దగ్గర మస్తాన్ గారు నిలబడి ఉన్నారు. ఆటుకు నీళ్లు వెనక్కి లాగేయడంతో తలుపు అడుగు మొత్తం బయటపడింది.

"ఈ చెక్క మార్చాలంటే తలుపు ఊడదీయాల్సిందేగా. నెల రోజుల పని" అన్నారు మా పెద్దాయన, సూపరింటెండింగ్ ఇంజనీరు గారు.

"అక్కర్లేదు సార్. ఇట్టా నీళ్లు తీసినప్పుడు రెండు గంటల్లో మార్చేస్తాం."

"ఎట్టా?"

తలుపు బరువును మొద్దుల మీద ఆపి, పాత చెక్కను పక్కకు లాగి, కొత్తదాన్ని ఎలా తోస్తారో మస్తాన్ గారు తలుపు తట్టి తట్టి చూపించారు. గోడ మీద బొగ్గుతో బొమ్మ గీశారు. పొద్దున హాల్లో నోరు విప్పనివాళ్లు ఇక్కడ బురదలో గొంతుక్కూర్చుని ప్రశ్న మీద ప్రశ్న వేశారు. అంత సందడైన సెషన్ నేను మళ్లీ చూడలేదు.

"ఇంత మంచి పనిని పేపరుగా ఎందుకు రాయలేదయ్యా?" అన్నారు పెద్దాయన.

మస్తాన్ గారు నా వైపు చూశారు. "రాసినా సార్. ఆలస్యంగా ఇచ్చినా. తప్పు నాదే."

సిగ్గుతో చచ్చిపోయాను. "కాదు సార్. వేళకే ఇచ్చారు. నేనే చదవకుండా తిప్పి పంపాను. ప్రెస్సుకు పోయిందని అబద్ధం కూడా చెప్పాను" అన్నాను.

పెద్దాయన పకపకా నవ్వారు. "ఆయన పేపరు వినిపించడానికి మమ్మల్నందరినీ బురదలో దించినావా అబ్బయా! రేపు పొద్దున మొదటి పేపరు ఈయనదే. తెలుగులోనే చదవమను."

మర్నాడు పొద్దున్నే కూర్చుని, అచ్చయిన ప్రోగ్రాం ప్రతి కాపీ మీదా పైన ఆయన పేరు నేనే సిరాతో రాశాను. మస్తాన్ గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి చదివారు. పదిహేను నిమిషాలు దాటినా ఎవరూ గంట జోలికి పోలేదు. చప్పట్లు ఆగాక నా దగ్గరికొచ్చి, "ఈ కాయితం ఇంకోటి ఇస్తారా సార్? మా ఇంటామెకు చూపించాల" అన్నారు.

"మీ పేరు అచ్చులో లేదు మస్తాన్ గారూ, నా చేతిరాత."

"అచ్చు ఎవురైనా వేస్తారు సార్. ఇది మీరు రాసినారు."

ఆ తర్వాత ఎన్నో కాన్ఫరెన్సులకు ప్రోగ్రాం తయారు చేశాను. చివరి పేజీ చివరి వాక్యం దాకా చదవకుండా ఒక్క పేపరు కూడా తిప్పి పంపలేదు.