సలీం తల్లి మాట్లాడిన తెలుగు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా నాన్న గుంటూరు జిల్లాలో పాస్టరు. చచ్చి లేచినవాడు ఒక్కడేనని, ఆయన మనల్ని భయపెట్టడానికి లేవలేదని మాకు చిన్నప్పుడే నేర్పారు. హాస్టల్లో తోటి పిల్లలు దుప్పటి ముసుగేసుకుని దయ్యం కథలు చెప్పుకుంటుంటే నేను గుర్రుపెట్టి నిద్రపోయేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది కూడా దయ్యం కథ అని నేననను. ఏమనాలో తెలియకే ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో మేం న్యూజెర్సీలో పార్సిప్పనీలో ఉండేవాళ్లం. మా ఆయన ఇంజనీరు. పెళ్లికి ముందు నేను సికింద్రాబాద్ రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో పనిచేశాను కాబట్టి, ఇక్కడ ఓ చిన్న ట్రావెల్ ఏజెన్సీలో ఉద్యోగం దొరికింది. రైలు పోయి విమానం వచ్చింది, అంతే తేడా. చవగ్గా కావాలి, కిటికీ పక్కన కావాలి, రేపే కావాలి అని అడిగే జనం మాత్రం ఎక్కడైనా ఒకటే.

అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు వినపడటమే అరుదు. ఆదివారం ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్‌లో నాలుగైదు కుటుంబాలం చేరి తెలుగులో పాటలు పాడుకునేవాళ్లం. మిగతా వారమంతా ఇంగ్లీషే. షాపులో ఎవరైనా తెలుగు ముక్క మాట్లాడితే చాలు, పేరు కూడా అడక్కుండా ముందు "మీదే ఊరండీ?" అనేవాళ్లం. ఆ అలవాటే ఇక్కడ నన్ను పప్పులో కాలేసేలా చేసింది.

మా ఆఫీసు పక్కన డ్రైక్లీనింగ్ షాపు ఉండేది. అందులో సలీం అని ఒక పాకిస్తానీ అబ్బాయి పనిచేసేవాడు. కరాచీ వాడు. భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. నన్ను బాజీ అనేవాడు, అంటే అక్కా అని. నా సికింద్రాబాద్ ఉర్దూ విని మొదట్లో నవ్వేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

తండ్రి పోయాక వాళ్లమ్మ దుబాయ్‌లో కూతురి దగ్గర ఉంటోంది. అమెరికా వచ్చాక అతను తల్లిని చూడనే లేదు. గ్రీన్‌కార్డ్ వచ్చిన మర్నాడే స్వీట్ డబ్బా పట్టుకుని మా కౌంటర్ దగ్గరికొచ్చాడు. "బాజీ, దుబాయ్‌కి అన్నిటికన్నా సస్తా దారి చూడండి. ఎన్ని చోట్ల దిగి ఎక్కమన్నా ఎక్కుతాను" అన్నాడు.

పాకిస్తాన్ పాస్‌పోర్ట్‌తో చవగ్గా వెళ్లడం అంత తేలిక కాదు. చవక టికెట్లన్నీ మధ్యలో ఎక్కడో ఒకచోట ఆపుతాయి. ఆగిన ప్రతిచోటా ఆ పాస్‌పోర్ట్‌కి ప్రశ్నలుంటాయి. దుబాయ్ వీసాకి అక్కడున్న చెల్లెలి భర్త స్పాన్సర్ చేయాలి. అసలు కాగితం అక్కడి ఎయిర్‌పోర్ట్‌లోనే ఉంచి, మనకి కాపీ పంపుతారు. అది చేతికి రాకుండా విమానం ఎక్కనివ్వరు. ఆ సంగతులు మాట్లాడుకోవడానికి మా ఆఫీసు ఫోన్ నంబర్ చెల్లెలికి ఇవ్వమని నేనే సలీంకి చెప్పాను.

అన్నీ లెక్కచూసి ఆగస్టులో వెళ్లమన్నాను. మండే ఎండల్లో దుబాయ్ ఎవరూ పోరు, టికెట్ ధర దిగుతుంది. ఉండటానికి ఎలాగూ చెల్లెలి ఇల్లుంది. సలీం సంబరపడిపోయాడు. అప్పటికి కాస్త డబ్బు కూడా వెనకేసుకోవచ్చు.

అది ఫిబ్రవరి. బయట మంచు. ఒక మధ్యాహ్నం ఫోన్ మోగితే నా పక్క సీట్లో కూర్చునే కేథీ తీసింది. కాసేపు విని రిసీవర్ నా చేతికిచ్చి, "ఎవరో పెద్దావిడ. మీ భాష అనుకుంటా" అంది. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ ఫోన్ మోగడం, అందులో మనిషి గొంతు ఉండటం, నేనొక్కదాన్నే విన్నది కాదు.

"టికెట్లు చేసే బిడ్డవేనా? నేను సలీం తల్లిని మాట్లాడుతున్న" అందా గొంతు.

తెలుగు! మన తెలంగాణ తెలుగు. నా ప్రాణం లేచొచ్చింది. సలీం తల్లికి తెలుగెలా వచ్చని గాని, ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారని గాని అడగలేదు. మా వాళ్లెవరైనా చేసే పనే చేశాను. "మీదే ఊరండీ?" అన్నాను.

"మాది హన్మకొండ బిడ్డా. ఎన్నేండ్లాయెనో ఈ మాట మాట్లాడక" అందావిడ. ఆ మాటలో ఎంత సంతోషముందో నాకిప్పటికీ చెవుల్లోనే ఉంది. హైదరాబాద్ రాజ్యం నుంచి కరాచీ వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారని విన్నాను కాబట్టి, అలాంటి కుటుంబమే కాబోలనుకున్నాను.

తర్వాత ఆవిడ చెప్పింది ఇదీ. "ఎండకాలం దాంక ఆపకు బిడ్డా. నా కొడుకుని జెల్ది తోలియ్యి. గప్పటిదాంక నేనుండ."

ఒంట్లో బాగుండలేదా అని అడిగాను. దానికి జవాబు చెప్పలేదు. "నేను ఫోన్ చేసిన్నని వానికి చెప్పకు. పరాయి దేశంల ఉన్నడు, గాబరైతడు" అని పెట్టేసింది.

దూరదేశంలో ఉన్నవాళ్లకి చెడుకబురు చెప్పకపోవడం మనకి కొత్త కాదు. మా మామగారి ఆపరేషన్ సంగతి ఆయన లేచి తిరిగాక గాని మా ఆయనకి తెలియనివ్వలేదు. పెద్దావిడకేదో జబ్బు, కొడుక్కి దాస్తున్నారు, అంతవరకే నాకర్థమైంది. ఆ పూట ఇంకో పని ముట్టలేదు.

మార్చి ఆఖర్లోనే పంపేయాలనుకున్నాను గాని, అప్పుడు మామూలు టికెట్ సలీం వల్ల కాదు. ఎయిర్‌లైన్ తర్వాత ఎయిర్‌లైన్‌కి ఫోన్లు చేశాను. చివరికి ఒక తూర్పు యూరప్ కంపెనీ దొరికింది. మధ్యలో ఒక రాత్రి ఆపి, హోటల్ వాళ్లే ఇస్తారు. పాకిస్తాన్ పాస్‌పోర్ట్‌ని ట్రాన్సిట్‌లో ఉండనిస్తారా అని ఒకటికి రెండుసార్లు అడిగి సలీం పేరు రాయించాను. నా కమీషన్ వదులుకున్నాను. మా ఓనరమ్మ నా మొహం వంక చూసి ఊరుకుంది.

సలీం ఒప్పుకోలేదు. "బాజీ, ఆగస్టు బుక్ చేశాంగా? ఎందుకీ తొందర?" అని వాదించాడు. తల్లి బానే ఉందన్నాడు. ఎప్పుడు ఫోన్ చేసినా నమాజ్‌లో ఉందనో, ఇప్పుడే పడుకుందనో చెల్లెలు చెబుతుందట.

"తల్లిని చూడటానికి మంచి సీజన్ ఏంటయ్యా? టికెట్ దొరికినప్పుడే వెళ్లాలి" అన్నాను, కాస్త కోపంగానే. నేనెప్పుడూ అలా గదమాయించలేదు. అతను మర్నాడు పాస్‌పోర్ట్ తెచ్చిచ్చాడు.

అతను తిరిగి రావడం అనుకున్నదానికంటే ఆలస్యమైంది. గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. కౌంటర్ ముందు కుర్చీలో కూలబడ్డాడు. నేను టీ తెచ్చిచ్చాను.

వాళ్లమ్మకి కిందటేడే పక్షవాతం వచ్చిందట. మంచం మీదే ఉంది. కొడుకుని చూసి గుర్తుపట్టింది, చెయ్యి పట్టుకుని వదల్లేదు. అతను అక్కడుండగానే పోయింది. మట్టి చేసి వచ్చాడు. "ఆగస్టు దాకా ఆగుంటే సమాధి చూసొచ్చేవాణ్ని. అల్లా మీకు మేలు చేయాలి, బాజీ" అన్నాడు.

ఇక దాచడం ఎందుకని, ఫోన్ సంగతి చెప్పాను. మీ అమ్మగారే తొందరపెట్టారు, నాదేం లేదు అన్నాను.

అతను టీ కప్పు కింద పెట్టాడు. "అమ్మీ మాట్లాడలేదు, బాజీ. పక్షవాతంలో నోరు పడిపోయింది. కిందటేటి నుంచీ ఒక్క మాట లేదు."

ఎవరో ఆకతాయి చేశారనుకుందామంటే, ఆ గొంతు విన్న మనిషిని నేను. "ఏం మాట్లాడింది?" అని అడిగాడు. చెప్పాను. తెలుగులో అనగానే అతని మొహం మారిపోయింది. తల్లికి తెలుగు వచ్చని అతనికి తెలియదు. పుట్టిల్లు హైదరాబాద్ దక్కన్ అని మాత్రం తెలుసు. ఇంట్లో అందరిదీ ఉర్దూనే.

ఆ సాయంత్రం మా ఆఫీసు నుంచే చెల్లెలికి ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే సముద్రం అడుగు నుంచి మాట్లాడుతున్నట్టు హోరు, మన మాటే మనకి తిరిగి వినపడటం, అరవడం. అప్పుడు తట్టింది నాకు. ఆ రోజు పెద్దావిడ గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టుంది. హోరు లేదు.

చెల్లెలు మొదట ఏడ్చింది. తర్వాత చెప్పింది. వాళ్లమ్మ పుట్టింది హన్మకొండలోనేనట. చిన్నప్పుడు పక్కింటి తెలుగువాళ్ల పిల్లలతో ఆడుకుందని ఎప్పుడో ఒకసారి అంది గాని, ఆ భాష మాట్లాడగా పిల్లలెవరూ వినలేదు. మా ఆఫీసు నంబర్ కాగితం ఫోన్ పక్కనే ఉండేదట. మంచం దగ్గరే ఫోన్ ఉండేది. చలికాలంలో ఆవిడ రిసీవర్ చెవి దగ్గర పెట్టుకుని పడుకునేదట. పిచ్చిది, ఏం వింటుందో అని వీళ్లు తీసి మళ్లీ పెట్టేసేవాళ్లు.

కానీ ఆ ఫోన్ డయల్‌కి తాళం ఉంది. బయటి దేశాలకి ఎవరూ చేసేయకుండా చెల్లెలి భర్త వేసిన తాళం. తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది.

మా ఆయన రకరకాల కారణాలు చెప్పారు. ఎవరో బంధువులు చేసుంటారన్నారు. ఏ బంధువు? హన్మకొండ తెలుగు వచ్చిన బంధువు వాళ్లకెవరూ లేరు. కేథీని అడిగితే, ముసలావిడ గొంతే, నవ్వుతూ మాట్లాడిందని చెప్పింది. ప్రార్థనలో దేవుణ్ని కూడా అడిగాను. ఆయనా ఏం చెప్పలేదు.

నేనడగాల్సింది ఒక్కటే, ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారమ్మా అని. దాని బదులు ఏ ఊరని అడిగాను. ఆవిడకి మాత్రం ఆ ప్రశ్నే కావలసి వచ్చిందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆ తర్వాత చాలాకాలం సలీం పని మధ్యలో వచ్చి కౌంటర్ దగ్గర నిలబడేవాడు. "అమ్మీ ఏమంది, బాజీ? ఇంకోసారి" అనేవాడు. అర్థం అడిగేవాడు కాదు, ఆ మాటలు వినాలంతే. నేను గుంటూరుదాన్ని. మా నోట ఆ యాస పలకదు, సికింద్రాబాద్‌లో ఉన్నన్నాళ్లూ నేర్చుకోవాలన్నా రాలేదు.

కానీ అతనలా కళ్లు మూసుకుని నిలబడితే, నాకు తెలియకుండానే వచ్చేసేది. ఎండకాలం దాంక ఆపకు బిడ్డా. నా కొడుకుని జెల్ది తోలియ్యి.