ఒక్క పాటలో కనిపించిన అండమాన్

నేను తెనాలి వదిలి బాపట్లలో చెల్లెలి దగ్గర ఉండిపోతున్నానన్న ప్రచారం నిజం కాదు. కొత్త పెట్టె కొన్న మాట మాత్రం నిజం.

బజారులో ఒక యాత్రల ప్రకటనపై నీలి సముద్రం చూడగానే చిన్నప్పటి భట్టిప్రోలు టూరింగ్ టాకీసు గుర్తుకొచ్చింది. ఎత్తు కోసం ఇసుక కుప్ప చేసుకుని కూర్చునేవాళ్లం, నా ఈడువాళ్లకు జ్ఞాపకమే కదా! ఒకసారి, అండమాన్‌లో తీసిన సాహసచిత్రమని, పాక్షికంగా రంగులని ఊరంతా గోడపత్రికలు. తీరా చూస్తే, గుడ్డతో చేసిన గుహ గాలికి ఊగింది. సముద్రం ఒక్క పాటలో రంగులతో మెరిసి మాయమైంది.

“ఇంతేనా? మన సూర్యలంక సముద్రమే నయం కదే!” అంది పక్కన కూర్చున్న పిన్ని.

“అసలుది ఎలా ఉంటుందో చూడాలి పిన్నీ,” అన్నాను.

“ఎవరు తీసుకెళ్తారే నిన్ను?”

ఇన్నేళ్లకు, మొన్న అండమాన్‌కు ఒక్క టిక్కెట్టు కొన్నాను, ఎవరినీ అడగలేదు.