హనుమంతు జీపు, వాకిలి వాలు

ఆసిఫాబాద్‌లో నేల ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో సర్వే చేసేవాళ్లకు తెలుసో తెలియదో గానీ హనుమంతు అరికాళ్లకు తెలుసు. ఆయన జీపుకు సెల్ఫు చచ్చి చాలా ఏళ్లయింది. తాళం తిప్పితే కిక్కుమనదు. వాలు మీద వదిలి దొర్లుతుండగా లేపాలి, లేదంటే ముందు నుంచి ఇనుప హ్యాండిల్ దూర్చి తిప్పి లేపాలి. అందుకని చాయ్ తాగాలన్నా చాయ్ బాగుండే హోటల్‌కు పోడు, ముందర వాలుండే హోటల్‌కు పోతాడు. పెళ్లిచూపుల నాడు కూడా పిల్ల ముఖం కంటే ముందు మామ వాకిలి చూసి, "జర వంపున్నది, ఖాయం చేసుకుందాం" అన్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆయన భార్య శంకరవ్వ ముందు మాత్రం ఎవరూ చెప్పరు.

ఇల్లు కట్టినప్పుడూ అదే వరస. ఎవరూ ముట్టని ఏటవాలు జాగా వెతికి మరీ కొన్నాడు. వాకిలి జారుడుబండలా రోడ్డు మీదికి దిగుతుంది. శంకరవ్వ గిన్నెలు తోమి బోర్లిస్తే అవి వాటంతట అవే రోడ్డెక్కుతాయి. చెంబు వెనక ఆమె, ఆమె వెనక కోళ్లు. హనుమంతు అరుగు మీద కూర్చుని, "చూసినవా, మనింట్ల చెంబు గూడ సెల్ఫు లేకుండనే స్టార్ట్ అయితది" అనేవాడు.

హ్యాండిల్ గురించి ఆయన చెప్పే సంగతులకు అంతు లేదు. ఒకసారి అది ఎదురు తిరిగి ఆయన్ను గోడ మీదుగా పక్కింట్లోకి విసిరిందట. అక్కడ వాళ్లు భోజనాలకు కూర్చుని ఉంటే తనకూ ఓ విస్తరి వేశారట. తిని, చేయి కడుక్కుని వచ్చేసరికి జీపు ఇంకా నడుస్తూనే ఉందట. విస్తరి సంగతి ఏమో గానీ మణికట్టు వంకర మాత్రం నిజం. పతకంలా అందరికీ చూపిస్తాడు.

అటువంటి మనిషి ముందుకు శంకరవ్వ తమ్ముడు గోపాల్ మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి, బటన్ నొక్కితే లేచే కారు కొని తెచ్చి నిలబెట్టాడు.

"తాళం జేబుల ఉంటే చాలు బావా. బ్రేక్ తొక్కి గిది నొక్కుడే."

హనుమంతు కారు చుట్టూ తిరిగి, మూతి తిప్పాడు. "వేలుతోని నొక్కితే మోగేది కాలింగ్ బెల్లు. దాన్ని బండి అంటరా?"

"నీ జీపునైతే ముందుగాల దండం పెట్టాలె, తర్వాత నలుగురు నూకాలె."

"నూకెటోళ్లకు రెక్కలుండాలె బామ్మర్ది. మస్కట్ పోయి మీకు వేళ్లు తప్ప ఏం మిగల్లే."

శంకరవ్వ ఇంట్లోంచి వచ్చింది. అంతకు ముందు వారమే పెళ్లికి పోతుంటే జీపు చదును నేల మీద ఆగిపోయి, పట్టుచీర కట్టుకుని ఆమే నెట్టింది. ఆ బురద మరక ఇంకా పోలేదు.

"ఇద్దరు వినుండ్రి. ఎల్లుండి వేములవాడ పోతున్నం. పోయి వచ్చేదాంక గీ జీపు యాడన్న మొండికేసిందా, తెల్లారి పాత ఇనుప సామానోనికి ఇచ్చేస్త. గా కారు మొండికేస్తే, ఇగ సచ్చేదాంక జీపును ఒక్క మాట అన."

హనుమంతు నవ్వాడు గానీ ఆ రోజు అన్నం సగమే తిన్నాడు. శంకరవ్వ అన్నదంటే చేస్తుందని ఆయనకు తెలుసు.

రెండు బండ్లూ బయలుదేరాయి. దర్శనమయ్యాక అక్కడి పోచమ్మకు ఇవ్వాల్సిన కోళ్లను గోపాల్ కొత్త కారులోకి రానివ్వలేదు, జీపులో వేశారు. దారి పొడుగునా హనుమంతు ఇంజను ఆపలేదు. కరీంనగర్‌లో అందరూ దిగి టిఫిన్ చేస్తే ఆయన స్టీరింగ్ పట్టుకునే ఇడ్లీ తిన్నాడు.

వేములవాడలో బండ్లు నిలిపే చోట మంచి వాలు దొరికింది. వెనక గోడ, ముందు పల్లం. హనుమంతు ముఖం పండగైంది. జీపును గోడకు ఆనించి ముక్కు కిందికి పెట్టి, చక్రం కింద రాయి వేశాడు. తర్వాత గోపాల్‌ను పిలిచి, "నీ కారును నా జీపుకు ముక్కుకు ముక్కు ఆనిచ్చి పెట్టు. రెంటికి ఒక్కటే పూజ అయిపోతది" అన్నాడు. గోపాల్ బంపరు తగిలేదాకా తెచ్చి పెట్టాడు. బొట్లు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. తాళం బావ చేతికిచ్చి, కారు తెరిచే ఉంచి, గోపాల్ గుండు చేయించుకోవడానికి పోయాడు. గుడిలో కోడెను కట్టే మొక్కు తీర్చడానికి శంకరవ్వ కూడా పోయింది.

హనుమంతుకు సొంత పూజ ఒకటి మిగిలి ఉంది. ఏటా వేములవాడ వస్తే హ్యాండిల్‌కు అభిషేకం చేస్తాడు. లోటాలో పాలు, తేనె, కొబ్బరినీళ్లు కలిపి, కొన ముంచి, పసుపు రాస్తాడు. ఆ రోజూ ముంచాడు. ముంచి, చేతిలో ఉన్న బామ్మర్ది తాళం వంక చూశాడు. ఎంత బొమ్మ బండిదైనా బండి తాళమే కదా అనుకుని దాన్నీ లోటాలో వేశాడు. మొక్కు ఘనంగా తీరాలని కాసేపు ఉంచాడు కూడా.

దర్శనాలయ్యాయి. గుండుతో వచ్చిన గోపాల్ బావ దగ్గర తాళం తీసుకుని, కారెక్కి బటన్ నొక్కాడు. కారు పలకలేదు. మళ్లీ నొక్కాడు.

"తాళం దొరకలేదంటుంది బావా."

"చేతులనే ఉన్నది గద. కండ్లు గూడ లేవా దానికి?" హనుమంతు జీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పక్క బండ్ల వాళ్లు కూడా వినాలని గొంతు పెంచాడు. "కాలింగ్ బెల్లు కొడితే లోపల ఎవ్వలు లేనట్టున్నది. జరుగుండ్రి. మొగ బండి ఎట్ల లేస్తదో సూపిస్త."

హ్యాండిల్ తీసుకుని ముందుకొచ్చాడు. వచ్చి, అలాగే నిలబడిపోయాడు. జీపు ముక్కుకూ కారు ముక్కుకూ మధ్య అగ్గిపుల్ల కూడా పట్టదు. హ్యాండిల్ దూర్చే చోటు లేదు. కిందికి దొర్లిద్దామంటే కారు అడ్డం, వెనక్కి జరుపుదామంటే గోడ.

"నీ కారును కిందికి నూకురా."

"స్టార్ట్ కాంది గేరు పడది బావా. ఆటోమేటిక్."

"నూకితే గూడ కదలది, గదేం బండిరా?"

"మరి నీది కదుల్తుందా?"

జీపులో కోళ్లు కూశాయి. శంకరవ్వ వచ్చి రెండు ముక్కులూ చూసింది, ఇద్దరు మగవాళ్లనూ చూసింది. హనుమంతుకు ఆ చూపులో ఇనుప సామాను తక్కెడ చప్పుడు వినిపించింది.

ఆమె గోపాల్ చేతిలోంచి తాళం తీసుకుంది. దాని మీద చీమలు బారు కట్టి ఉన్నాయి. వేలితో తుడిచి నాలుకకు రాసుకుంది.

"తేనె. గీ తాళాన్ని లోటాల ముంచిందెవ్వలు?"

హనుమంతు కోళ్లకు నీళ్లు పెట్టడానికి వంగాడు.

"నా తాళానికి అభిషేకం చేసినవా బావా?" గోపాల్ గుండు మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నా హ్యాండిల్ ఏండ్ల సంది తాగుతుంది. దానికేమన్న అయిందా? పాలకే సచ్చేది నీ తాళం."

శంకరవ్వ జడ పిన్నుతో తాళాన్ని రెండు ముక్కలు చేసి, లోపల బొట్టుబిళ్లంత బ్యాటరీని తీసి, మంచినీళ్లతో కడిగి, కొంగుతో తుడిచింది. ఎండకు జీపు బానెట్ పెనంలా కాలుతోంది. ముక్కలన్నీ దాని మీద పరిచి, జనం చూస్తుండగానే పక్కన కూర్చుని పుట్నాల ప్రసాదం తింది. ఆరాక బిగించి తమ్ముడికి ఇచ్చింది. బటన్ నొక్కగానే కారు లేచింది, చప్పుడు కూడా లేకుండా. అది వెనక్కి దిగాక హనుమంతు రాయి తీశాడు. జీపు దొర్లి, దగ్గి, పల్లం చివర లేచింది.

"నా బానెట్ లేకుంటే నీ కారు ఈడనే పండుతుండె" అన్నాడు హనుమంతు.

"కారు జరగకుంటే నీ జీపు గూడ పండుతుండె" అన్నాడు గోపాల్.

"మొండికేసింది బండ్లు కాదు," అంది శంకరవ్వ. "ముక్కుకు ముక్కు పెట్టుమన్నది నువ్వు, తాళం ముంచింది నువ్వు. జీపును ఇనుప సామానోనికి ఇయ్యను. గా హ్యాండిల్ ఇటు తే."

ఇప్పుడు హ్యాండిల్ ఇంట్లో ఆమె మంచం కింద ఉంటుంది. ఎక్కడికి పోతాడో ఎప్పుడొస్తాడో చెప్పాకే బయటికొస్తుంది. వాలు ఉంది కదా, హ్యాండిల్ ఎందుకని మొదటి రోజు హనుమంతు ధీమాగానే నిద్రపోయాడు. పొద్దున లేచేసరికి శంకరవ్వ పిలిపించిన ట్రాక్టరు మొరం మట్టి దింపుతోంది. మధ్యాహ్నానికి వాకిలి అంతా చదునైంది. శంకరవ్వ గిన్నెలు తోమి బోర్లించింది. ఒక్కటీ కదల్లేదు.