ఆ గడప బయట మా అక్క

మా పొదుపు సంఘం అధ్యక్షురాలు చనిపోయిందన్న కబురు వచ్చేసరికి నేను మిర్యాలగూడలో, రైస్ మిల్లు కాటా దగ్గర ఉన్నాను. ఫోన్ చేసింది ఆమె కోడలు. "అన్నా, అత్తమ్మ పోయింది" అని పెట్టేసింది. వెనక వడ్ల లారీ డ్రైవర్ హారన్ కొట్టేదాకా పక్కకు జరగాలని కూడా నాకు తోచలేదు. రాష్ట్రం విడిపోయిన ఏడాది ఎండాకాలం అది.

అందరం ఆమెను అక్క అనేవాళ్లం. వేములపల్లిలో గొర్రెలు కాసుకునే ఇంటి కోడలు. పెనిమిటి పాము కరిచి పోయాక, మంద అమ్మేసి నాట్లకు కూలికి పోతూ, తోటి కూలీలతో పొదుపు మొదలుపెట్టింది. అది పెరిగి పెరిగి సూర్యాపేటలో ఆఫీసు, మిర్యాలగూడలో, కోదాడలో శాఖలు ఉన్న సంఘమైంది. పెత్తనమంతా ఆడవాళ్లదే. 2001లో నన్ను గుమాస్తాగా తీసుకున్నారు. అక్కడ మగవాణ్ని నేనొక్కణ్నే.

మొదటి మీటింగుకు వెళ్లి, గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చున్నాను. అదేమైనా ఆలోచించాల్సిన సంగతని నాకు తట్టలేదు.

"తమ్మీ, కుర్సీ జర గా అవ్వకియ్యి. ఆమెకు మోకాళ్లు వంగయి" అంది అక్క, మామూలుగానే.

జంపఖానా మీదికి దిగాను. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నా చోటు అదే. ఆడవాళ్ల కింద కొలువేమిటని బయట స్నేహితులు నవ్వితే ఒకసారి అక్కతో చెప్పుకున్నాను. "వాళ్లు నవ్విండ్రని నాకు చెప్పకు. నీకు సిగ్గనిపిస్తే చెప్పు, వేరే పని సూస్త" అంది. మళ్లీ చెప్పలేదు.

సభ్యుల ఇళ్లకు పోయినప్పుడు అక్క వాకిట్లోనే ఆగిపోయేది. పేరు పెట్టి పిలిచి, లోపలి నుంచి రమ్మనేదాకా ఎండలోనైనా నిలబడేది. ఎందుకని అడిగితే, "అప్పు ఇచ్చినమని ఆమె ఇల్లు మనదైతదా?" అనేది.

కొన్నేళ్లకు ప్రైవేటు అప్పుల కంపెనీలు ఊళ్లలోకి వచ్చాయి. మా సభ్యులే వాటిలోనూ చేరారు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు కట్టాలన్నది ఆ కంపెనీల షరతు. నడిగూడెంలో మా సభ్యురాలు ఒకామె కట్టలేకపోయింది. ఏజెంటు చెప్పాడని ఆమె గ్రూపు ఆడవాళ్లంతా పొద్దున్నే వెళ్లి ఆమె వాకిట్లో కూర్చున్నారు. వీధంతా చూసింది. మధ్యాహ్నానికి ఆమె పత్తికి తెచ్చిన పురుగుల మందు తాగింది. కోదాడ దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

మరునాడు అక్కతో నేనూ వెళ్లాను. గడప మీద చనిపోయినామె అత్త కూర్చుని ఉంది. మమ్మల్ని చూడగానే లేచి అడ్డం నిలబడింది.

"మీరూ ఆడోళ్లే గదమ్మా. ఆడకూతురి ఉసురు తీయటానికి మీకు కాళ్లెట్లా వచ్చినయ్?"

"అవ్వా, మేం ఆ కంపెనోళ్లం కాదు" అన్నాను.

"నువ్వు ఊకో తమ్మీ" అంది అక్క. తలవంచుకుని చాలాసేపు వాకిట్లో నిలబడింది. తిరుగు బస్సులో సూర్యాపేట దగ్గర పడ్డాక అంది: "కాదని ఎట్లంటవ్? కూసున్నోళ్లల్ల మనోళ్లు లేరా?"

ఉన్నారు. ఆ సంగతి నాకూ తెలుసు.

తర్వాతి సర్వసభ్య సమావేశంలో అక్క ఆ మాటే అడిగింది. ఒకామె లేచి, "నేను పోయిన అక్కా. రాకుంటే ఆమెది నువ్వే కట్టాలన్నడు. నాతాన ఏమున్నది?" అని కూలబడి ఏడ్చింది. ఆమెను సంఘం నుంచి తీసేయాలని గొడవ లేచింది. అక్క ఒప్పుకోలేదు.

"తీసేస్తే ఈమె యాడికి పోతది? మల్ల గా కంపెనోని తానికే. జరిగింది మనందరి మీద ఉన్నది. మోద్దాం."

తను మోసింది. నెలకోసారి నడిగూడెం వెళ్లేది. ముసలమ్మ తలుపేసుకునేది. అక్క కాసేపు నిలబడి వచ్చేసేది. చాన్నాళ్లకు ఒకరోజు ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, చేతికివ్వకుండా గడప మీద పెట్టి లోపలికి పోయింది. అక్క ఆ నీళ్లు తాగి, చెంబు కడిగి, అక్కడే బోర్లించి వచ్చింది.

ఆ తర్వాత, ఇలాంటి చావులు పెరిగి సర్కారు ఆ కంపెనీల వసూళ్లకు అడ్డం పడటంతో, అప్పులన్నీ మాఫీ అయినట్టేనన్న మాట పాకింది. మా సంఘంలోనూ కట్టడం ఆగిపోయింది. కోదాడ శాఖ మూసేశాం. జీతాలు లేవు. "ఇగ నువ్వు పో తమ్మీ, పిల్లలున్నోనివి" అని అక్కే నన్ను మిల్లులో పెట్టించింది. తను మళ్లీ నాట్లకు పోయింది.

అక్కకు కడుపులో గడ్డ అని తేలేసరికి ఆలస్యమైంది. మిర్యాలగూడ దవాఖానలో చూడబోతే, మనిషి మంచానికి అతుక్కుపోయి ఉంది. నడిగూడెం సంగతే మాట్లాడింది.

"ఇన్నేండ్లల్ల గా అవ్వ ఒక్కసారి గూడ లోపలికి రమ్మనలే."

"అంత కోపమేంది అక్కా ఆమెకు?"

"కోపం కాదు. రమ్మనకపోవుడే సరైంది" అని కళ్లు మూసుకుంది.

దహనానికి మూడు ఊళ్ల నుంచీ ఆడవాళ్లు వచ్చారు. అనుకున్నంతమంది రాలేదు. టెంటుకు దూరంగా, ఎండలో, మనవరాలి భుజం పట్టుకుని ఆ ముసలమ్మ నిలబడి ఉంది. నీడకు రమ్మన్నాను. రాలేదు.

"ఆఖరికి ఏమన్నా తిన్నదా?" అని అడిగింది.

"లేదవ్వా. దూదితోటి పెదాలు తడిపిండ్రు, అంతే."

తల ఊపింది. పాడె లేచి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత మనవరాలితో బస్సు కోసం కాలువ కట్ట మీదుగా నడవసాగింది. కాలువలో నీళ్లు లేవు. పాడె లేచేటప్పుడు విడిచిన చెప్పులు చేత్తోనే పట్టుకుని, కాలే మట్టి మీద ఆ ముసలమ్మ వట్టి కాళ్లతో పోతూనే ఉంది.