చేపల బజారంటే ఏమనుకున్నారు?

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు గురించి మీటింగు పెట్టారు. నలుగురూ ఒక్కసారే మాట్లాడేసరికి సెక్రటరీగారు బల్ల గుద్ది, "ఏమిటండీ ఇది, చేపల బజారా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. లేచి వచ్చేశాను. మోటారు సంగతి ఏమైందో ఇప్పటికీ కనుక్కోలేదు, కనుక్కోను కూడా.

మా పిన్ని చేపలు అమ్మేది. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. తెప్పలు ఒడ్డుకు చేరగానే వేలంపాటలో చేపలు కొని, తట్ట నింపుకుని, ఆటోలో శ్రీకాకుళం వచ్చి ఒక వీధిలో వాడుక ఇళ్లన్నిటికీ పోసేది. ఏ ఇంట్లో నెత్తళ్లు తింటారో, ఏ ఇంట్లో ముసలాయనకి ముల్లు లేని ముక్క కావాలో ఆవిడకి తెలుసు. అమ్మకం అయ్యాక ఎవరో ఒకరి అరుగు మీద కూర్చుని, వాళ్లిచ్చిన మజ్జిగ తాగి, కోడళ్ల కష్టాలన్నీ విని మరీ ఇంటికి వెళ్లేది. ఆ వీధి ఆవిడకి పుట్టింటి కింద లెక్క.

రెండు వేల పది దాటిన కొత్తలో పిన్ని కూతురు, అంటే నా చెల్లెలు, డిగ్రీ చదువుతూ అదే వీధి చివర స్పోకెన్ ఇంగ్లీషులో చేరింది. మాస్టారు ఒకరోజు జాతీయాలు ఎత్తుకున్నాడట. మొసలి కన్నీరు అన్నాడు, బాగానే ఉంది. మొసలి వచ్చి బెంచీ మీద కూర్చోదు కదా! తర్వాత ‘ఫిషీ’ అని బోర్డు మీద రాసి, ఏదో మోసం ఉందని, నమ్మకూడదని అర్థం చెప్పాడు. క్లాసంతా తిరిగి మా చెల్లెల్ని చూసింది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుని నేను ఈ రోజుకీ క్షమించలేదు. మర్నాటి నుంచి దాని పేరే అదైపోయింది.

"అమ్మా, నువ్వింక ఆ ఈదిలోకి రాకే," అంది చెల్లెలు. దాన్ని చెడామడా తిట్టాను. పిన్ని నా మీదే విరుచుకుపడింది.

"ఏటే నీ గోల? ఈదులకేటి, బోల్డున్నాయి. దాని సదువు ఆగిపోతే నువ్వు సదివిస్తావేటి?"

తట్ట ఎత్తుకుని వేరే పేటకి మారిపోయింది. నేను ఊరుకోలేక ఆ మాస్టారి దగ్గరికి వెళ్లి కడిగేశాను. "ఇంగ్లీషువాళ్లు పెట్టిన మాటమ్మా, నేను పెట్టానా?" అన్నాడు తీరిగ్గా. మనవాళ్లు మాత్రం ఏం తక్కువ తిన్నారు! నలుగురు నోరెత్తితే చేపల బజారు. ఆ బజారు మొహం ఒక్కసారైనా చూశారా వీళ్లు?

నేను చూశాను. ఆ ఏడు వానల్లో ఒకరోజు వాళ్లింట్లోనే ఉన్నాను. తెప్పలన్నీ వచ్చాయి, వేటకెళ్లిన బాబాయిది మాత్రం రాలేదు. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. వెళ్లిన తెప్పల్లో ఒక్కటి రాకపోయినా ఒడ్డున వేలంపాట ఎత్తరు. చేపలు కుప్పలుగా పడి మెత్తబడుతున్నా, బయట ఆటోలు హారన్లు కొడుతున్నా, అంతమంది ఆడవాళ్లు నోరు విప్పకుండా నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. చెల్లెలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నానికి ఎవరో "అదిగో, వస్తన్నాది!" అని అరిచారు. బాబాయి ఇసకలో కాలు పెట్టాడో లేదో, ఒడ్డంతా పాట లేచింది. చెవులు చిల్లులు పడే గోల. పిన్ని బాబాయి దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ బదులు చెల్లెలే ఏడుస్తూ, అందరికంటే గట్టిగా పాడింది.

"రేపు ఆ ఈదికే ఎల్దామే అమ్మా," అంది ఆ సాయంత్రం. అన్నట్టే మర్నాడు క్లాసు పిల్లలంతా చూస్తుండగా తట్టకి ఒక చెయ్యి వేసి తల్లిని తీసుకెళ్లింది. నేనూ వెనకే ఉన్నాను. మొదటి ఇంటావిడ తలుపు తీసి నొచ్చుకుంది.

"ఇన్నాళ్లూ ఏటైపోనావమ్మా? ఇప్పుడు ఏరే ఆవిడ పోస్తన్నాది కదా!"

ఇంటింటా అదే మాట. పిన్ని తట్ట సర్దుకుని వెనక్కి తిరిగింది. నాకే ఆ మాస్టారి క్లాసు మీద రాళ్లు రువ్వాలనిపించింది. చెల్లెలు మనసు మార్చుకునేసరికి కాలం ఆ అరుగుల మీద ఇంకొకరిని కూర్చోబెట్టేసింది.