చచ్చినవాళ్ళు లేచేదాకా

గత శుక్రవారం పొద్దున మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, కాలం చేశాడు. తొండుపల్లి నుంచి ఆయన చిన్న బిడ్డ ఫోన్ చేసి, "అన్నా, బాపు పోయిండు" అని ఏడిస్తే, నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "సరిగ్గ చూసిన్రా?" అని. తప్పు నాది కాదు. వీధిభాగోతంలో ఆడవేషం కట్టి, ఊరూరా తిరిగి, ఆ మనిషి జన్మంతా చస్తూనే బతికాడు. అంత అనుభవమున్నవాడి చావును ఒక్క ఫోన్‌తో నమ్మడం కష్టం.

వాళ్ళ మేళానికి పేరు తెచ్చింది ఒకే కథ. వెనకటి రాజుల కాలంలో రాజుగారి బిడ్డ, గుర్రాల కొట్టంలో పనిచేసే పిల్లవాడు మనసుపడతారు. రాజు ఒప్పుకోడు. తెల్లారేసరికి ఇద్దరూ విషం తాగి పడిపోతారు. రాజుగారి బిడ్డ మా పెద్దబాపే. మీసం తీయడానికి మనసొప్పక కొంగు అడ్డం పెట్టుకునేవాడు. విషం తాగాక ప్రాణం పోవడానికి చాలాసేపు పట్టేది, మధ్యలో పిల్లలు అల్లరి చేస్తే తలెత్తి కసిరి మళ్ళీ చచ్చేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆయన దగ్గర తమాషాలు చెల్లవు. కథ అయ్యాక మంగళహారతి పాడాలి, చచ్చినవాళ్ళు లేచి హారతి కళ్ళకద్దుకోవాలి, అప్పటిదాకా జనం కదలకూడదు. "సచ్చినోళ్లను లేపకుంట ఇంటికి పోతే ఆ సావు మన ఎంబడి వస్తది" అనేవాడు. ఒకసారి ఆఖర్లో వానొచ్చి జనం పరుగెత్తితే, బురదలో శవంగా పడుకునే, "ఆగుర్రి, నేనింక లేవలే!" అని అరిచాడట. జనం తడుస్తూ వెనక్కి వచ్చారు.

నేను డిగ్రీ తప్పి ముసుగు తన్ని పడుకున్నప్పుడు కూడా ఆయనే వచ్చాడు. దుప్పటి లాగి, "బాగనే పడ్డవు. ఇగ లేవు, జనం చూస్తున్నరు" అన్నాడు. మళ్ళీ పరీక్ష రాశానంటే ఆ మాట పుణ్యమే.

తర్వాత ఆ కథనే సినిమా తీయడానికి వచ్చారు. మా ఊరి పక్క బీడులో అట్టలతో కోట కట్టారు. పెద్దబాపుకు గుంపులో ఏడ్చే ముసలాయన వేషం దొరికింది. తోడుగా నేనూ వెళ్ళాను. పక్కనే శంషాబాద్ విమానాశ్రయం. రాజుల కాలపు శోకం మంచి పాకాన పడగానే నెత్తిమీద విమానం, మళ్ళీ మొదటికి. "ఏం పరేషాన్ ర ఇది, రాజుగారి చుట్టాలెవరో దిగుతనే ఉన్నరు" అని విసుక్కున్నాడు.

ఎట్టకేలకు ఆకాశం ఊరుకుంది. జనమంతా ఏడుస్తూ వెళ్ళిపోవాలి, రెండు శవాలే మిగలాలి. జనం వెళ్ళారు. పెద్దబాపు మాత్రం కదల్లేదు.

"తాతగారూ, మీరూ వెళ్ళిపోవాలండీ" అన్నాడు దర్శకుడు. గోదావరి వైపు మనిషి, మర్యాద ఎక్కువ.

"పిల్లలింక లేవలే గద సారూ."

"వాళ్ళు చనిపోయారండీ."

"గందుకే గద!"

శవంగా పడుకున్న కథానాయికకు నవ్వాగలేదు. మళ్ళీ మొదటికి. ఎన్నిసార్లు తీసినా ఈయన అక్కడే. పొద్దు గుంకుతోంది. చివరికి దర్శకుడు చేతులు పట్టుకుని, "సినిమాలో వాళ్ళని లేపి చూపిస్తాను. నా మాట నమ్మి వెళ్ళండి" అన్నాడు. పెద్దబాపు వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు. దారి పొడుగునా, "పెద్దమనిషి ర, మాటిచ్చిండు" అంటూనే ఉన్నాడు.

సినిమా వచ్చింది. ఇంటిల్లిపాదీ శంషాబాద్ హాలుకు వెళ్ళాం. తెర మీద ఆయన వీపు కనబడగానే మేమంతా ఈలలు. ఆయన పట్టించుకోలేదు, ఆఖరి ఘట్టం కోసం కాచుకుని కూర్చున్నాడు. ఇద్దరూ చచ్చిపోయారు. పేర్లు పడుతున్నాయి. జనం లేచారు. "కూసోర్రి, ఇగ లేస్తరు" అన్నాడు. వంటవాళ్ళ పేర్లు పోయాయి, డ్రైవర్ల పేర్లు పోయాయి. "ఇగ లేస్తరు." తెర తెల్లబడింది. ఊడ్చే ఆమె చీపురుతో వచ్చింది. పెద్దబాపు మొహం చూడలేకపోయాను. ఆ దర్శకుడంటే నాకు ఇప్పటికీ మంటే.

కాసేపటికి ఆయన లేచి, పాప్‌కార్న్ తొక్కుకుంటూ ముందుకు వెళ్ళి, ఖాళీ తెర ఎదుట మంగళహారతి ఎత్తుకున్నాడు. ఊడ్చే ఆమె చీపురు కింద పెట్టి చేతులు జోడించింది. పాట ముగించి తెరను ఒకసారి కిందికీ మీదికీ చూసి, "లేచిన్రు. పోదాం పార్రి" అన్నాడు. బయట మిర్చిబజ్జీలు తిన్నాడు, మాకూ తినిపించాడు. ఆ దర్శకుణ్ణి మాత్రం ఒక్క మాట అనలేదు.

శుక్రవారం సాయంత్రం ఆయన్ను తీసుకెళ్ళాం. పాడె మోసింది ఆయన మేళంవాళ్ళే. దింపుడు కళ్ళం దగ్గర పాడె దించి, పోయినవాళ్ళను చెవిలో మూడుసార్లు పిలుస్తారు, ఒకవేళ లేస్తారేమోనని. ఎవరూ లేవరని అందరికీ తెలుసు. ఆయనకు కొడుకుల్లేరు గనుక నన్ను పిలవమన్నారు. వంగి, "పెద్దబాపూ" అన్నాను. రెండోసారి ఇంకా దగ్గరికి వంగి పిలిచాను. మూడోసారి అరిచాను.

"అయింది. ఎత్తుర్రి" అన్నాడు ఊరి పెద్దమనిషి.

మేళంవాళ్ళు ఎవరూ వంగలేదు. చేతులు కట్టుకుని, ఆయన మొహం వైపే చూస్తూ నిలబడ్డారు.